ముత్యాలు చెయ్యి

అనగనగా ఒక పట్నం. పట్నం నడిమధ్యన ఏరు. ఏటి మీద కొత్త వంతెన. ఎప్పటి మాటని అడగొద్దు, చెప్పేవాళ్ళు లేరు.

పడవలున్నప్పుడు నెత్తిమీది బరువు పడవవాడే దించేవాడు, పడవవాడే ఎత్తేవాడు. వంతెన వచ్చాక దించేవాడూ లేడు, ఎత్తేవాడూ లేడు. కట్టించిన పెద్దలు తమ పేర్లు చెక్కించుకోడానికి రాయి తెచ్చారు గాని, బరువు దించుకోడానికి ఒక్క రాయి పాతించలేదు. వాళ్ళ నెత్తిన ఎప్పుడైనా బరువుంటే కదా తెలిసేది.

ఆ వంతెన మీద ఇద్దరు తోటికోడళ్ళు కట్టెల మోపులతో సంతకి పోయేవాళ్ళు. పెద్దది పైడమ్మ. చిన్నది ముత్యాలు. ఒక బారసాలలో, పదిమంది ముందు, పైడమ్మ పెట్టిన పులుసులో ఉప్పు లేదంది ముత్యాలు. అంతే. ఒకే ఇల్లు, ఒకే వంతెన, ఒకే సంత. మాట మాత్రం లేదు.

ఏరు నిండుగా ఉన్న ఒకనాడు ముత్యాలుకి నడివంతెన మీద మెడ పట్టేసింది. మోపుని మోకాలెత్తు పిట్టగోడ మీదకి దించింది. దించిన మోపు మళ్ళీ నెత్తికెత్తుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు. మూటలాయన వచ్చాడు, తొందరన్నాడు, పోయాడు. పాలామె వచ్చింది, తొందరంది, పోయింది. మూడో మనిషి పైడమ్మ. తన మోపు అమ్ముకుని ఇంటికి తిరిగొస్తోంది.

"అక్కా, ఒక్క చెయ్యి వెయ్యవే. ఉప్పు సంగతి ఇంటికెళ్ళాక తిడుదువుగాని."

నవ్వుతూ అంది. ఆ నవ్వుకే పైడమ్మకి ఒళ్ళు మండింది. మొహం తిప్పుకుని పోయింది. పోయింది గాని కాళ్ళు సాగలేదు. వంతెన చివర దిగబోయింది, ఆగింది. మళ్ళీ దిగబోయింది, ఆగింది. ఆఖరికి వెనక్కి తిరిగింది.

ఈలోగా ముత్యాలు తనంతట తనే మోపు ఎత్తబోయింది. మోపు ఏటివైపు ఒరిగింది. మనిషిని లాక్కుపోయింది. పైడమ్మ పరిగెత్తి వచ్చేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

ఇక పైడమ్మ ఇంట్లో కుదురుగా కూర్చున్నది లేదు. పొయ్యి ముందు కూర్చుంటే లేచిపోయేది. తెల్లారితే వంతెన మీదే. ఈ కొసనుంచి ఆ కొసకి, ఆ కొసనుంచి ఈ కొసకి. ఎవరి నెత్తిన బరువు కనబడితే వాళ్ళకి దించేది, ఎత్తేది. కొడుకులొచ్చి బతిమాలారు. కదల్లేదు.

"నీ పేరేంటవ్వా, తలుచుకుంటాం," అనేవారు జనం.

"ముత్యాలు," అనేది.

అదేం అబద్ధమే అని ఇరుగమ్మ ఒకతె దెప్పితే, పైడమ్మ తల తిప్పకుండానే చెప్పింది: "చెయ్యి అడిగింది అది. పేరూ దానిదే ఉండాలి."

ఒక ఎండాకాలం పైడమ్మ కూడా పోయింది.

ఇప్పటికీ ఆ వంతెన మీద బరువు ఎత్తించుకోవాలన్నా, మొరాయించిన బండి తోయించుకోవాలన్నా, "కాస్త ముత్యాలు చెయ్యి వెయ్యండి" అంటారు. ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆగి తీరాలి. చెయ్యి వేసినవాళ్ళ పేరు మాత్రం అడగరు. ఆ వంతెన మీద అడగకూడదు.