తుంగ ఊపిరి బిగబట్టిన రోజు

ఒకప్పుడు తుంగ కాడ ఉల్లికాడలా గుండ్రంగా, నున్నగా ఉండేది.

ఆ కాలంలో సుభద్రమ్మ అనే ఆవిడ పెరట్లో, నీళ్ళగాబులో ఒక తుంగ పెరిగేది. సుభద్రమ్మకు మొక్కలంటే ప్రాణం. శనివారం వస్తే పిల్లలకు తలంటినట్టే తుంగకూ తలంటేది. కాడంతా నువ్వుల నూనె రాసి, పైనున్న ఆకులను దువ్వి, బిగించి జడ వేసేది.

"నా బంగారమే! ఈగ వాలినా జారిపోవాలి!" అని మురిసిపోయేది. తుంగ కూడా మురిసిపోయేది.

ఒక శనివారం తలంటు అయ్యాక, గాబులోంచి సన్నటి గొంతు వినిపించింది.

"తుంగత్తా! కాస్త నీ మీదికి ఎక్కనా?"

అది తూనీగ పిల్ల. ఇన్నాళ్ళూ నీళ్ళలోనే పెరిగింది. ఇవాళ పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకుంటేనే దానికి రెక్కలొస్తాయి.

"అడగాలా తల్లీ, ఎక్కు!" అంది తుంగ.

పిల్ల ఎక్కింది. జర్రున జారింది. బుడుంగ్!

మళ్ళీ ఎక్కింది. జర్ర్... బుడుంగ్!

గాబు అంచున కూర్చున్న కప్ప నోరు బార్లా తెరిచింది. "కానీయమ్మా, నాకేం తొందర లేదు. ఈసారి మాత్రం కాస్త ఇటు పక్కకు జారు."

తుంగ గుండె గుభేలుమంది. "కాళ్ళు గట్టిగా పెట్టమ్మా! కిందికి చూడకు! చలేస్తోందా? పొద్దున ఏమైనా తిన్నావా?"

"నువ్వు మాట్లాడితే ఊగుతున్నావత్తా! ఇంకా జారిపోతున్నా!"

తుంగ ఠక్కున నోరు మూసుకుంది. ఊపిరి బిగబట్టింది. పొట్ట లోపలికి లాగింది. ఇంకా లాగింది. లాగీ లాగీ ఒంటి పొడవునా మూడు అంచులు పొడుచుకొచ్చాయి! ఆ బిగువుకు నెత్తిన జడ ఫట్టున ఊడి, ఆకులన్నీ గొడుగులా విచ్చుకున్నాయి.

పిల్ల ఒక అంచు పట్టుకుంది. జారలేదు! చకచకా పాకి గొడుగు కిందికి చేరింది. ఒళ్ళు ఆరింది. వీపు చిట్లి, రెక్కలొచ్చాయి. "వస్తానత్తా!" అంటూ కప్ప నెత్తిన ఒక్కటి మొట్టి ఎగిరిపోయింది. కప్ప నోరు మూయడం కూడా మరిచిపోయింది.

మళ్ళీ శనివారం సుభద్రమ్మ నూనెగిన్నెతో వచ్చింది. "ఓసి నీ అవతారం! తిండి మానేశావా ఏమే? ఆ జుట్టేమిటి?" అంటూ నూనె రాయబోయింది. అంచు చురుక్కుమని గీసుకుంది. ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

తుంగ కిక్కురుమనలేదు. గాబు అడుగున ఇంకో పిల్ల కదులుతోంది మరి.

అప్పటినుంచే తుంగ కాడకు మూడు అంచులు, నెత్తిన గొడుగు. కావాలంటే ఒక కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. దొర్లదు. అది ఇంకా ఊపిరి వదల్లేదు.