జానెడు చోటు

త్రినాథరావుకి ముగింపు కుదరడం లేదు.

పొద్దున్నుంచీ అదే బాధ. బస్సులో కిటికీ పక్కన కూచుని, మోకాలి మీద నోటుపుస్తకం పెట్టుకుని రాయడం, కొట్టెయ్యడం. సాయంత్రం సభలో ఒక పేరా చదవాలి. మా కోస్తా ఉద్యాన రచయితల సమావేశంలో అదొక ఆనవాయితీ. ఏటా ఒక నగరంలో కలుస్తాం. పగలంతా అక్కడి తోటలూ పార్కులూ తిరుగుతాం. చూసినదాని మీద సాయంత్రం తలా ఒక పేరా చదువుతాం. ఒక్క పేరాకే ఎంత పోటీ, ఎంత కుళ్ళు! నేనూ వాళ్ళలో ఒకణ్ణే గనక చెబుతున్నాను.

రచయితలమంటే మమ్మల్ని ఏదో అనుకునేరు. మాలో సగంమందికి సొంత పెరడే లేదు. బాల్కనీలో నాలుగు కుండీలు, వాటికైనా ఇంటావిడే నీళ్ళు పోస్తుంది. మేం మాత్రం వారం వారం పేపర్లో ఊరందరికీ కలుపు తియ్యడం నేర్పుతాం.

త్రినాథ్ మాత్రం బాగా రాస్తాడు. కడుపుమంట ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి. ఆదివారం పేపర్లో అతనిది నలభై లైన్ల శీర్షిక. ముప్పై ఎనిమిది లైన్లు ఎవరైనా రాసేవే. ఆఖరి రెండు లైన్లకే జనం పేపరు కత్తిరించి దాచుకునేవారు.

ఆ ఏడాది ఆ సాయంత్రం పేరాకి మామూలుకన్నా ఎక్కువ విలువొచ్చింది. మా సింహాద్రి మాస్టారు ముప్పై అయిదేళ్ళుగా రాస్తున్న 'పెరటి మాట' ఆపేస్తున్నారు. చూపు బాగా మందగించింది. ఆ శీర్షిక ఎవరికి అప్పగించేదీ సభలోనే చెబుతానన్నారు. ఆయన వ్యవసాయ పాఠశాలలో పనిచేసి రిటైరైన మనిషి. మాకందరికీ రాత నేర్పింది ఆయనే. త్రినాథ్ అయితే ఏం రాసినా ముందు ఆయనకి పంపి, ఆయన సరే అన్నాకే అచ్చుకిచ్చేవాడు. శీర్షిక తనకే వస్తుందని అతను అనుకుంటున్నాడు, మేమూ అనుకుంటున్నాం.

"మాస్టారూ, మంచి ముగింపు ఎలా రాయాలండీ?" అని ముందు సీటు మీదకి వంగి అడిగాడు.

మాస్టారు కళ్ళు తెరవలేదు. "ఇంకా తోటలు చూడ్డం అవలేదు కదరా," అన్నారు.

ఆషాఢ మాసం. ఆకాశం పొద్దున్నుంచీ మూసుకునే ఉంది, చినుకు పడటం, ఆగడం. మొదట గులాబీల తోటకి తీసుకెళ్ళారు, తర్వాత తామరల చెరువున్న పార్కుకి. రెండుచోట్లా ఫొటోలూ, టీలూ అయ్యాయి. మాస్టారిది ఎక్కడికెళ్ళినా ఒకటే పద్ధతి. ముందు మాలీ ఎవరో వెతికి పట్టుకుని పలకరిస్తారు, ఆ తర్వాతే మొక్క దగ్గరికెళ్తారు. మేం ముందు బోర్డు చదువుతాం.

మూడోది కొండవాలులో ఉన్న తోట. అక్కడి పొగడల బాట చూడాలని అందరం ఎదురుచూస్తున్నాం. నగరం పేరు మాత్రం అడక్కండి, చెప్పను. గేటు దాటి మలుపు తిరిగేసరికి ముందు నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు.

బాటకి రెండువైపులా పద్దెనిమిది పొగడ చెట్లు. పదకొండు ఎండిపోయి నిలబడి ఉన్నాయి. బెరడు ఊడిపోయి, ఒక్క ఆకు లేదు. మిగిలిన ఏడింటికీ పైన పలచగా పసుపురంగు ఆకు. ప్రతి చెట్టు మొదట్లోనూ మోకాలెత్తున తడిమట్టి ఎగదోసి ఉంది. చివరి చెట్టు దగ్గర ఒకావిడ తట్టతో మట్టి తెచ్చి ఇంకా పోస్తోంది. యాభై దాటి ఉంటాయి. పేరు సూరమ్మట, తోట ఊడ్చే పని.

"అయ్యో, ఏం చూస్తాం దీన్ని," అని మావాళ్ళు పూలమడుల వైపు మళ్ళిపోయారు. మాస్టారూ, త్రినాథూ, నేనూ మిగిలాం.

"ఈ మట్టి ఎవరు వెయ్యమన్నారమ్మా?" అన్నారు మాస్టారు.

"మా ఆయన బాబూ. అసిరయ్య. ఈ సెట్లన్నీ ఆయన ఏసినవే. పన్నెండేళ్ళు సాకినాడు." తట్ట దింపింది. "పేపర్లో పెద్దోళ్ళు రాసినారని సదివి, రొండేళ్ళ కిందట ఎండలకి ముందర అన్నిటికీ కప్పీసినాడు. ఆ ఏడు వానలకి ఒకటి పోనాది. తరవాత ఇంకోటి. ఆపీసోళ్ళొచ్చి, నువ్వేటో పోసీసి సంపీసేవన్నారు. తోట్లోంచి తీసీసి రోడ్లు ఊడ్సమన్నారు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కార్తీకంలో పోనాడు బాబూ. నా సెయ్యి పాడు సెయ్యి, నా సెయ్యి పాడు సెయ్యి అనీవోడు. ఇంటికాడ తులసమ్మని ముట్టడం కూడా మానీసినాడు."

బొడ్లో దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడిచిన పేపరు ముక్క. మాస్టారికి ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చి చూశారు, దూరంగా పెట్టి చూశారు, లాభం లేకపోయింది. త్రినాథ్ చేతికిచ్చారు.

"చదవరా," అన్నారు.

మనవాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అది అతని శీర్షికే. పైన అతని పేరూ, చిన్న ఫొటో కూడా ఉన్నాయి. ఆ ఫొటోలో జుట్టు ఎక్కువ గనక ఆవిడ పోల్చుకోలేదు. గొంతు సవరించుకుని చదివాడు. వేసవిలో వేరుకి చల్లదనం కావాలి, చెట్టు మొదట్లో మోకాలెత్తున మట్టి ఎగదోయాలి, తడి ఆరకుండా చూడాలి. ఆఖరి లైన్లు వచ్చేసరికి సూరమ్మ పెదాలు కూడా కదులుతున్నాయి. ఆవిడకి కంఠతా వచ్చు.

"చలిలో అమ్మ మనకి దుప్పటి కప్పినట్టు, ఎండలో చెట్టుకి మట్టి కప్పండి."

ఆ వాక్యానికి అతనికి అరవై ఉత్తరాలొచ్చాయి. నాకు బాగా గుర్తు, సమావేశంలో చదివి వినిపించాడు కూడా.

ఆ వ్యాసంలో ఇంకో వాక్యం ఉండేది. కాండానికి మట్టి తగలకూడదు, చుట్టూ జానెడు చోటు వదలాలి అని. వానకి నానిన మట్టి కాండాన్ని అంటుకునే ఉంటే బెరడు కుళ్ళిపోతుంది. ఇది మాలో పచ్చి కొత్తవాడికి కూడా తెలుసు. కానీ ఆ వారం నలభై ఒక్క లైన్లయ్యాయి. ఒకటి తియ్యాలి. దుప్పటి తియ్యడానికి అతనికి చెయ్యాడలేదు. జానెడు తీసేశాడు. తోటపని తెలిసినవాడెవడైనా ఆ మాత్రం తనే వదులుతాడులే అనుకున్నాడట. ఇదంతా తర్వాత నాతో చెప్పుకుని ఏడ్చాడు.

కాయితం తిరిగి ఇచ్చేసి, మాస్టారి చెవి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "చెద పట్టి ఉంటుంది మాస్టారూ."

నిజం చెబితే సాయంత్రం 'పెరటి మాట' పోతుంది. చెప్పకపోతే ఉన్న ఏడు చెట్లూ పోతాయి, పోయినవాడి మీద పడ్డ మచ్చ అలాగే ఉంటుంది. అతనికిది తెలుసు. అయినా చెద అన్నాడు. నేనైనా అదే అని ఉండేవాణ్ణేమో, ఎందుకు దాచడం.

మాస్టారు సూరమ్మ వైపు తిరిగారు. "చెట్లు పోతున్నా ఇంకా ఎందుకు పోస్తున్నావమ్మా?"

"ఆయన సరింగా కప్పలేదేమోనని బాబూ," అందావిడ. "సాల్లేదేమోనని."

మాస్టారు చెప్పులు విప్పారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి ఆ బురదలో చతికిలబడ్డారు. రెండు చేతులతో మట్టి లాగడం మొదలెట్టారు. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేశారు. చాలాసేపటికి కాండం మొదలు బయటపడింది. నల్లగా ఉంది. వేలితో నొక్కితే బెరడు మెత్తగా ఊడి వచ్చింది, కుళ్ళు కంపు గుప్పుమంది.

"త్రినాథా, నీ చెయ్యి ఇలా పెట్టు."

అతను వంగాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని, బొటనవేలు కాండానికి ఆనించి, చిటికెనవేలు మట్టి వైపు చాపించారు. ఒక జాన. అలాగే నొక్కి పట్టుకున్నారు. చినుకులు పడుతున్నాయి.

"ఏటి బాబూ అది?" అంది సూరమ్మ.

మాస్టారు చెయ్యి వదల్లేదు.

"అమ్మా," అన్నాడు త్రినాథ్. ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ పేపర్లో రాసింది నేనే. మట్టి చెట్టుకి తగలకూడదు. ఇదిగో, ఇంత చోటు వదలాలి. ఆ మాట ముందు రాశాను. అచ్చుకిచ్చేటప్పుడు తీసేశాను. మీ ఆయన తప్పు ఏమీ లేదు."

సూరమ్మ అతన్ని తేరిపార చూసింది. కాయితం మీది ఫొటో చూసింది, మళ్ళీ అతన్ని చూసింది.

"ఎందుకు తీసీసినారు బాబూ?"

"చోటు చాల్లేదమ్మా."

ఆవిడ కాయితం అడుగున వేలు పెట్టింది.

"ఈ దుప్పటి మాటకి సోటుందా మరి?"

ఎత్తిపొడుపేం కాదు. ఆవిడకి నిజంగానే తెలీక అడిగింది. తిట్టినా, మట్టెత్తి ముఖాన కొట్టినా బాగుండేది. త్రినాథ్ తల అలా వాలిపోయింది, మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ తట్ట పక్కనే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే ఆయన సెయ్యి మంచిదే," అంది. మాతో కాదు, ఎవరితోనో అన్నట్టు. "మంచి సెయ్యే. ఆయనకి తెలీకుండానే ఎల్లిపోనాడు."

ఆ మాట విన్నాక నాకు కన్నీళ్ళు ఆగలేదు. సిగ్గేం లేదు చెప్పడానికి.

తర్వాత ఆవిడే లేచి వెళ్ళి పార తెచ్చింది. ఒకటే ఉంటే త్రినాథ్ తీసుకున్నాడు. నేను తట్ట పట్టాను. ఏడు చెట్లకీ మట్టి లాగి, చుట్టూ జానెడు వదిలి, కాండాలు తుడిచి గాలి తగిలేలా చేశాం. కింద రోడ్డు మీద బస్సు హారను కొడుతూనే ఉంది. ఎవరో వచ్చి సభకి టైమైపోతోందన్నారు. మాస్టారు వెళ్ళమని చెయ్యూపారు. మమ్మల్ని వదిలేసి బస్సు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సభలో పేరాలన్నీ చదివారట, 'పెరటి మాట' సంగతి ఎవరూ ఎత్తలేదట.

మీరడిగేలోపే చెప్పేస్తాను. ఆ ఏడింట్లో మూడే బతికాయి.

పని అయ్యేసరికి చీకటి పడబోతోంది. త్రినాథ్ అరచేతులు బొబ్బలెక్కాయి. సూరమ్మ గేటు దాకా వచ్చింది.

"ఇప్పుడు సెప్పినారే, అది పేపర్లో ఎయ్యండి బాబూ," అంది. "ఆపీసోళ్ళు సదవాల. ఆయన పేరు అడుగున కాదు, మొదట్లోనే ఎయ్యండి."

"వేస్తానమ్మా," అన్నాడు.

ఆటో కోసం బస్టాపు రేకు కింద నిలబడ్డాం. వాన కాస్త జోరెక్కింది. త్రినాథ్ బురద చేతులతోనే నోటుపుస్తకం తీశాడు. పొద్దున్నుంచీ రాసినవన్నీ ఉన్న పేజీలు చింపేశాడు. కొత్త పేజీలో రాశాడు, ఈసారి కొట్టెయ్యలేదు. నాలుగు లైన్లలో అయిపోయింది, అడుగున తన పేరు రాశాడు. వీధిదీపం వెలుతురులో మాస్టారికి చదివి వినిపించాడు.

"పొగడల బాట మాలీ అసిరయ్య ఏ తప్పూ చెయ్యలేదు. మట్టి వేసేటప్పుడు కాండం చుట్టూ జానెడు చోటు వదలాలి. ఆ వాక్యం నేను తీసేశాను. ఆయన చెట్లు నా వల్ల చచ్చిపోయాయి."

అక్కడితో ఆపేశాడు.

"ముగింపేదిరా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ." నోటుపుస్తకం దించి అన్నాడు: "మీ శీర్షిక నాకొద్దండీ."

మాస్టారు చెయ్యి చాచి నోటుపుస్తకం తీసుకున్నారు, పెన్నూ తీసుకున్నారు. కాయితానికి ముక్కు ఆనేంత వంగి, వేలితో తడుముకుంటూ త్రినాథ్ పేరు ఎక్కడుందో చూసుకున్నారు. దాని పక్కన వంకరటింకరగా తన పేరు కూడా రాశారు.

"మీరెందుకు మాస్టారూ?"

"నువ్వు పంపినప్పుడు జానెడు ఉంది," అన్నారాయన. "ఆదివారం అచ్చులో చూస్తే లేదు. అప్పటికింకా కళ్ళు బాగానే కనబడేవి." పుస్తకం మూసి అతని చేతిలో పెట్టారు. "ముగింపు బాగుందని ఊరుకున్నాను."