మిరపతోటలో పూడిక

కొండవారన పూడిపోయిన పాత రాతికుంటను సుంకులమ్మ మూడు వేసవులు ఒంటిచేత్తో బాగుచేసింది. ఆమె తవ్విపోసిన పూడిక బలమైన మట్టని, ఊరి దొర రంగప్ప దేశాయి బండ్లు పెట్టి తన మిరపతోటకు తోలించుకున్నాడు. వానలకు కుంట నిండింది. మాఘమాసంలో ఊరి బావులెండగానే దేశాయి మనుషులు గట్టెక్కి, నీళ్లకొచ్చినవాళ్ల కడవలు పగలగొట్టారు.

తగువు తీర్చడానికి రాజుగారి ధర్మాధికారి కుంట దగ్గరికే వచ్చాడు.

"ఈ కుంటగట్టు రాతిమీద మా తాత పేరుంది. ఆయన వదిలింది వదిలినట్టు నాకు అప్పగించాల్సిందే!" అన్నాడు దేశాయి.

ధర్మాధికారి ఆ పేరు చదివి నిట్టూర్చాడు. "అప్పగించక తప్పదమ్మా."

సుంకులమ్మ చేతులు జోడించింది.

"అట్లాగే అయ్యా. ఆయన వదిలిననాడు కుంటలో గట్టుదాకా పూడికే. అదిప్పుడు దొరగారి తోటలో ఉంది. రేపే ఊరంతా పారలతో దిగి, తోట తవ్వి, ఆ మట్టి మళ్లీ కుంటలో పోసి అప్పజెప్తాం."

"న్యాయమే," అన్నాడు ధర్మాధికారి.

దేశాయి కళ్లు కోతకొచ్చి ఎర్రగా మెరుస్తున్న తోటవైపు తిరిగాయి.

"కుంట ఊరివాళ్లకే వదిలేస్తున్నా," అన్నాడు.

"మంచిది దొరా. మరి మా కడవలు? అవి కూడా ఉన్నవి ఉన్నట్టే ఇప్పిస్తారు కదా?"