దిగనన్న సుంకులమ్మ

కెప్టెన్ పేర్రాజు గారికి ఒక అలవాటుంది. నేల మీద అడిగిన ప్రశ్నకు ఆయన నేల మీద జవాబు చెప్పరు. వైమానిక దళంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత రాయలసీమలో ఒక మారుమూల శిక్షణ కేంద్రంలో పిల్లలకు విమానం నడపడం నేర్పుతూ స్థిరపడ్డారు. శిష్యులెవరైనా "సార్, ఎగురుతుండగా ఇంజను ఆగిపోతే ఎలా ఉంటుంది?" అని అడిగితే, ఆయన కాస్త వక్కపొడి నోట్లో వేసుకుని "పద" అనేవారు. అంతే. అడిగినవాడు లేచి విమానం వైపు నడవాల్సిందే. కొందరికి జవాబు ఆ పూటే దొరికేది, కొందరికి పొద్దున తిన్న ఇడ్లీలు కక్కుకున్నాక దొరికేది.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. అది ఉన్నట్టు ఆయనకే తెలియదని శిష్యుల నమ్మకం. ఆ చిన్న విమానంలో ఉండేవి రెండే సీట్లు, ఎడమవైపు శిష్యుడు, కుడివైపు గురువు. ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు. దిగడానికి చుట్టు తిరిగి వచ్చేటప్పుడు ఎత్తూ వేగమూ సరిపోయిన చోటల్లా ఆయన గొంతులోంచి చిన్నగా "ఊ" అని వినిపించేది. కథ వినేవాళ్ళు కొట్టే ఊ లాంటిదే అది. ఆ ఊ వింటే శిష్యుడి గుండె కుదుటపడేది.

సుంకులమ్మ గుండె అందరికంటే ఎక్కువ కుదుటపడేది. పత్తికొండ వైపు పల్లె ఆ పిల్లది. వేరుశనగ చేలల్లో కూలికి పోయే తల్లిదండ్రులు కులదేవత పేరు పెట్టుకుని, గురుకుల పాఠశాలలో చేర్పించారు. అక్కడ ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకుని పెరిగింది. ఎదురు చెప్పిన పాపాన పోలేదు. ప్రభుత్వం వారి సీటు వచ్చి పైలట్ శిక్షణలో చేరాక కూడా ఆమె నోట "అట్లనే సార్" తప్ప ఇంకో మాట ఎవరూ వినలేదు. పుస్తకాల్లో ఉన్నదంతా కంఠతా వచ్చు. ఇంజను ఆగితే ఏ వేగం పట్టాలో, మంట వస్తే ముందు ఏది కట్టెయ్యాలో నిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

అయినా ఆమెను ఒంటరిగా ఎగరడానికి పంపలేదు. జట్టులో మిగిలిన ఐదుగురూ సోలో చేసి వచ్చేశారు. తొలిసారి ఒక్కరే ఎగిరి దిగినవాళ్ళకు బకెట్లతో నీళ్ళు గుమ్మరించి నిలువెల్లా తడపడం అక్కడి ఆచారం. ఐదుసార్లూ బకెట్ మోసింది సుంకులమ్మే. చివరికి కేంద్రానికి పెద్ద అయిన చీఫ్ విఠల్‌రావు గారు ఆమెను పిలిచి తేల్చి చెప్పారు. శనివారం ఆయన కళ్ళముందు ఒక చుట్టు తిరిగి, ఒక్కసారి దిగి చూపించాలి. బాగా దిగితే సోలో, లేకపోతే పెట్టె సర్దుకుని ఊరికి.

ఆమె నేరుగా పేర్రాజు గారి దగ్గరికొచ్చి నిలబడింది. "సార్, ఒక్కదాన్నే పోవాలంటే నాకు ఇంగ ఏం తెలియల్ల సార్? ఏం తెలీకనే గదా మీరు పంపిస్తల్యా? అదేందో చెప్పండి, నేర్చుకుంటా."

పేర్రాజు గారు వక్కపొడి డబ్బీ తీశారు. "పద."

ఆ పూట ఆయన ఒక్క ఊ కూడా కొట్టలేదు. సుంకులమ్మ విమానాన్ని లేపి, రన్‌వేకి సమాంతరంగా తెచ్చి, మలుపు తిప్పే చోట ఊ కోసం చెవి రిక్కించింది. రాలేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ ఉండగానే తిరగాల్సిన చోటు దాటిపోయింది. కంగారుగా తిప్పి, ఆయన ముఖం వైపు చూసింది. ఆయన బయటికి చూస్తూ చేలల్లో మేసే గొర్రెలను లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. విమానం దిగడం కాదు, కుప్పిగంతులేస్తూ నేల మీద పడింది.

ఆ పిల్ల ఇంజను ఆపింది. తను ఇన్నాళ్ళూ దేన్ని పట్టుకుని విమానం దింపిందో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. ఎదురుగా ఎత్తూ వేగమూ చూపించే గడియారాల్లాంటి మీటర్లను కాదు, కింద కనిపించే నేలను కాదు, పక్కనున్న ముసలాయన గొంతును పట్టుకుని దింపింది. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఒక గురువు మీద ఆమెకు కోపం రావడం అదే మొదలు.

"ఈపొద్దు మీరు ఊ అనల్యా సార్," అంది.

"నేను ఊ అంటే దిగుతుందా అమ్మాయ్, విమానం?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకన్నారు సార్? చిన్నప్పటి నుంచి మాటిను, మాటిను అనే గదా అందరూ చెప్పింది? విన్నా. మీ మాటా విన్నా. ఇప్పుడు మాటింటే పనికిరాదంటే నేనేం చెయ్యల్ల? మోసం గదా సార్ ఇది?" కళ్ళ నీళ్ళు తిరుగుతున్నా గొంతు మాత్రం తగ్గించలేదు.

పేర్రాజు గారు ఆ మాటలన్నీ శ్రద్ధగా విన్నారు. డబ్బీ మూత పెట్టి, భోజనానికి వెళ్ళిపోయారు.

మాట వినే పిల్లలంటే మనకెంత ముద్దో చెప్పనక్కర్లేదు. గురువు మాట జవదాటనివాడికి దండ వేస్తాం, దాటినవాడికి టి.సి. ఇచ్చి పంపిస్తాం. వినయం మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ వెయ్యి అడుగుల ఎత్తున వినయాన్ని నమ్ముకుని నిలబడే రెక్కలను ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు. సుంకులమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా "అట్లనే సార్" అని ఉండేది, అదీ చిక్కు.

శనివారం వచ్చింది. విఠల్‌రావు గారు రేడియో గది గుమ్మంలో మైకు పట్టుకుని నిలబడ్డారు. ఆయనా ఒకప్పుడు పేర్రాజు గారి దగ్గర నేర్చుకున్నవారే. జట్టులో మిగతా పిల్లలు ఎందుకైనా మంచిదని రెండు బకెట్ల నీళ్ళు పట్టి గోడ పక్కన పెట్టారు. సుంకులమ్మ ఆ బకెట్ల వైపు చూడకుండా విమానం ఎక్కింది. కుడివైపు పేర్రాజు గారు కూర్చుని బెల్టు బిగించుకున్నారు.

బాగానే లేచింది. బాగానే తిరిగింది. మలుపుల దగ్గర ఆమె చెవి అలవాటు కొద్దీ కుడివైపు లాగుతూనే ఉంది గానీ, ఆమె పళ్ళు బిగబట్టి కిందికే చూసింది. ఆఖరి మలుపు తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చింది. అప్పుడు వినిపించింది.

"ఊ," అన్నారు పేర్రాజు గారు.

ఎంత హాయిగా ఉందో ఆ శబ్దం! ఎండలో నడిచొచ్చినవాడికి చల్లటి మజ్జిగ ఇచ్చినట్టుంది. ఆమె భుజాలు వాటంతట అవే సడలాయి. ఇక దిగిపోవచ్చు. దిగితే సోలో, బకెట్ల నీళ్ళు, ఊరికి ఫోను.

కానీ కింద నేల అలా లేదు. రన్‌వే రోజూ కనిపించే చోట కాక బాగా కిందుగా కనిపిస్తోంది. పొలాలు రోజూ కన్నా జోరుగా వెనక్కి పరుగెత్తుతున్నాయి. గాలి దిక్కు చూపించే ఎర్రగుడ్డ సంచి పొద్దుటి నుంచి తమకు ఎదురుగా ఊగుతున్నదల్లా ఇప్పుడు అటు తిరిగి ఉంది. గాలి వెనక నుంచి తోస్తోంది. ఇలాగే దిగితే చక్రాలు నేలను తాకేసరికి సగం రన్‌వే అయిపోతుంది. ఆ చివర ఉన్నది కంచె, కంచె అవతల బండరాళ్ళు.

"ఊ," అన్నారు మళ్ళీ కుడివైపు నుంచి.

"ఎత్తెక్కువుండాది సార్," అంది సుంకులమ్మ.

"సరిపోతుందమ్మాయ్. దిగు."

రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలని రోజూ పిల్లల మీద కేకలేసే విఠల్‌రావు గారు ఆ నియమం తానే మరచిపోయి, తెలుగులో గద్దించారు. "ఏం చూస్తున్నావ్? దిగు! ఇదొక్కటే నీకు, ఇంకోటి లేదు!"

ఒక చెవిలో గురువు, ఒక చెవిలో చీఫ్. గురుకులంలో ఎనిమిదేళ్ళు మోగిన గంటలన్నీ కలిసి ఒక్కసారి మోగినట్టయింది. దిగకపోతే ఊరికి పోవాలి. ఆ సంగతి ఆమెకు మరుపు లేదు. పల్లెలో బస్సు దిగి, తల వంచుకుని, పెట్టె మోసుకుంటూ నడిచే దారి కూడా ఆమె కళ్ళ ముందు మెదిలింది. మెదిలితే మెదలనీ అనుకుంది. కింద బండరాళ్ళు నిజం.

"నేను దిగను," అంది.

"నేను చెబుతున్నా కదా," అన్నారు పేర్రాజు గారు. "నువ్వు పుట్టకముందు నుంచీ దింపుతున్నాను."

"దింపింటారు సార్. ఇప్పుడు నడిపేది నేను. దిగను."

చేత్తో ఇంజను జోరంతా పెంచింది. విమానం ఒక్కసారి గర్జించి, ముక్కెత్తి, రన్‌వే మీదుగా, బకెట్ల మీదుగా, గుమ్మంలో నోరు తెరిచి చూస్తున్న విఠల్‌రావు గారి మీదుగా పైకి పోయింది. అప్పుడామె రేడియోలో, ఇంగ్లీషులోనే, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. గాలి తిరిగిందనీ, తాను మళ్ళీ చుట్టి వచ్చి రన్‌వే రెండో కొస నుంచి దిగుతున్నాననీ తెలియజేసింది. అనుమతి అడగాల్సిన చోట అడిగింది. క్షమించమని మాత్రం అడగలేదు.

రెండో కొస నుంచి గాలికి ఎదురుగా వచ్చి దిగింది. ఆ చుట్టంతా పక్క సీటు నుంచి ఊ వచ్చిందో లేదో ఆమెకు గుర్తులేదు. వినలేదు కాబట్టి తెలియదు.

విమానం ఆగేసరికి విఠల్‌రావు గారు చరచరా నడిచొస్తున్నారు. "ఒక్కటే అన్నానా లేదా? ఈ పిల్ల నా మాట లెక్కచెయ్యలేదు సార్!"

"నా మాటా లెక్కచెయ్యలేదు విఠల్," అన్నారు పేర్రాజు గారు తాపీగా బెల్టు విప్పుకుంటూ. "అందుకే నేను దిగిపోతున్నాను. ఆమెను ఒక్కదాన్నే పంపుతున్నాను."

"నేను ఒప్పుకోను."

"అయితే నువ్వెక్కి కూర్చో. దిగమని నువ్వు చెబితే వింటుందేమో చూడు."

విఠల్‌రావు గారు ఎర్రగుడ్డ సంచి వైపు ఒకసారి చూశారు. అది అటు తిరిగే ఉంది. చెడ్డవాడు కాదాయన, కళ్ళముందున్నది కనిపిస్తే ఒప్పుకునే మనిషే, కాకపోతే మైకు చేతిలో ఉన్నప్పుడు కనిపించదు. రేడియో గది వైపు తిరిగి నడిచారు.

పేర్రాజు గారు ఖాళీ సీటు మీద బెల్టు జాగ్రత్తగా బిగించారు. తలుపు వేసే ముందు లోపలికి వంగి చెప్పారు. "నా బరువు ఉండదు కదా, బండి తొందరగా లేస్తుంది. దిగేటప్పుడు నేల దగ్గర కాస్త తేలుతుంది. కంగారుపడకు."

నిజంగానే తొందరగా లేచింది. ఇంత ఆత్రం ఈ విమానానికి ఎక్కడిదా అని సుంకులమ్మ బిత్తరపోయింది. పక్కన మనిషి లేడు. ఉండాల్సిన చోట కిటికీ ఉంది, కిటికీలో ఆకాశముంది. ఆఖరి మలుపు దగ్గర తల తనకు తెలియకుండానే కుడివైపు తిరిగింది. "యాడ చూస్తావే, ముందర చూడు!" అని పైకే తిట్టుకుంది. ఆ తిట్టు ఆమెకు చాలా నచ్చింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే గాలిని చూసుకుంది, ఎత్తు చూసుకుంది, రన్‌వే ఉండాల్సిన చోట ఉండడం చూసుకుని దింపింది. నేల దగ్గర విమానం కాసేపు దిగనని మొండికేసింది. ఆమెకూ తొందరేం లేదు, దిగేదాకా ఓపికపట్టింది.

బకెట్లు రెండూ ఆమె నెత్తినే పడ్డాయి. కొప్పు ఊడి, చొక్కా ఒంటికి అంటుకుని, బూట్లలో నీళ్ళు గలగలమంటుంటే, ఆ అవతారంలోనే ఆమె పేర్రాజు గారి ముందుకొచ్చి నిలబడింది. దండం పెడుతుందనుకున్నారు అందరూ. పెట్టలేదు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సార్, ఒకటడుగుతా, నిజం చెప్పండి. ఇందాక ఎత్తెక్కువున్నప్పుడు మీరు ఊ అన్నారే, అది నన్ను పరీక్ష చెయ్యనీకా? లేకుంటే నిజంగానే పొరబడినారా?"

మిగతా పిల్లలు బకెట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. గురువును అలా అడగవచ్చని వాళ్ళకు అప్పటిదాకా తెలియదు. పేర్రాజు గారు వక్కపొడి డబ్బీ కోసం జేబులో చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశారు. కంచె అవతల ఉన్న బండరాళ్ళ వైపు చూశారు.

"పరీక్షైతే ఏం, పొరపాటైతే ఏం?" అన్నారు. "ఆ రాళ్ళకు తేడా తెలుస్తుందా అమ్మాయ్?"