దాలయ్య గోడ

అనగనగా, పట్నం ఇంకా చిన్నపిల్లగా ఉన్న రోజుల మాట. ఊ కొడుతూ వినండి. మధ్యలో నిద్రపోతే మళ్ళీ చెప్పను.

పట్నానికి పడమర వైపు ఒక కొండ. కొండ కింద ఒక ఇసుక వాగు. వాగు ఒడ్డున మూడు తోట ఊళ్ళు. ఒకటి ఆకుకూరలది, ఒకటి వంకాయలది, ఒకటి మల్లెపూలది. పట్నం తినేదీ, తల్లో పెట్టుకునేదీ అక్కడే పండేది. తోటలకీ పట్నానికీ మధ్య రాతి మిట్ట ఉండేది. గంపలు నెత్తిన పెట్టుకుని అది ఎక్కేసరికి ఆడవాళ్ళకు మెడలు పడిపోయేవి.

ఇక్కడ ఒక సంగతి ఉంది. నిండు గంపను ఎవరికి వారు దించుకోవచ్చు. మళ్ళీ నెత్తికెత్తుకోవాలంటే మాత్రం ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి.

ఆ చెయ్యి దాలయ్యది. మిట్ట మీద పాక వేసుకుని ఉండేవాడు. తోట లేదు, పెళ్ళాం లేదు, నాలుగు మేకలున్నాయి. వచ్చిన గంపనల్లా ఎత్తేవాడు. కూలి అడిగేవాడు కాదు. అడిగేది ఒక్కటే.

"ఏటి పండిందమ్మా?"

చెప్పకపోతే ఎత్తడు! వంకాయ అంటే, తెల్లదా నల్లదా అనేవాడు. మల్లె అంటే, మొగ్గ గట్టిగా ఉందా అనేవాడు. అంత ఆరా తీసే మనిషి గురించి నేనైతే ఇంకెక్కడా వినలేదు.

కొన్నాళ్ళకు దాలయ్య దారి పక్కన రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు.

"ఏటి కడతన్నావు తాతా?" అన్నారు ఆకుకూరల వాళ్ళు.

"కోట."

"ఏటి కడతన్నావు తాతా?" అన్నారు వంకాయల వాళ్ళు.

"మేకలకి మేడ."

"ఏటి కడతన్నావు తాతా?" అన్నారు మల్లెపూల వాళ్ళు.

"మీ అత్తల్ని ఎక్కించి కూకోబెట్టడానికి!"

అందరూ పకపకా నవ్వారు.

ఒకరోజు పైడమ్మను పిలిచాడు. వంకాయల ఊరి కోడలు, మూడు ఊళ్ళలోకీ పొట్టిది. "ఇలా రాయే పైడీ, గోడ పక్కన నిలబడు" అన్నాడు. గోడ ఆమె నెత్తి దాకా ఉంది. దాలయ్య పెదవి విరిచాడు. పై వరసలు ఊడదీసి, ఆమె భుజం ఎత్తున చదును బండ పరిచాడు. పాపం, తాతకు మతి పోయిందనుకున్నారంతా.

ఆ ఏడే పైడమ్మ మొగుడు పాము కరిచి పోయాడు. మరిది జగ్గులు కన్ను ఆమె వంగమడి మీద పడింది. "ఒంటి ఆడది తోటేటి సేత్తాది?" అని పెద్దల దగ్గర పేచీ పెట్టాడు. పెద్దలు తీర్పు చెప్పారు. తొలి కోత గంపను పట్నం సంత ముగిసేలోగా పైడమ్మ తానే మోసి అక్కడికి చేరిస్తే మడి ఆమెది. లేకపోతే జగ్గులుది.

కోతకు ముందే దాలయ్య కన్ను మూశాడు. మూడు ఊళ్ళూ కలిసి మట్టి చేశాయి.

వారం తిరక్కుండా తొలి కోత సంత రోజు వచ్చింది. ఆడవాళ్ళంతా మిట్ట ఎక్కారు. ఎక్కగానే, అలవాటు కొద్దీ గంపలు దించేశారు. దించాక గాని గుర్తు రాలేదు, ఎత్తే మనిషి లేడని! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చారు.

పైడమ్మ వంగి వంగి అందరికీ చెయ్యి వేసింది. ఆఖరికి చూస్తే తన గంప ఒక్కటే నేల మీద ఉంది. నెత్తిన బరువున్నవాళ్ళు వంగి చెయ్యి వెయ్యలేరు. ఒకామె జాలిపడి తన గంప దించబోయింది.

"దించకు అక్కా. నువ్వు దించితే నువ్వు మిగులుతావు. ఎల్లండి మీరు" అంది పైడమ్మ.

వాళ్ళు వెళ్ళారు. పైడమ్మ ఒకసారి ఎత్తబోయింది, గంప మోకాలి మీంచి జారింది. రెండోసారి ఎత్తబోయింది, నెత్తి మీది చుట్టకుదురు ఊడిపడింది. మూడోసారి ఎత్తలేక గోడకు ఆనుకుని నిలబడి భోరుమంది.

"తాతా, నాకెవరు ఎత్తుతారు?"

చదును బండ ఆమె భుజానికి తగిలింది. సరిగ్గా భుజానికి. ఏడుపు ఆగిపోయింది. ఇది కోట కాదు. మేకల మేడా కాదు.

గబగబా వంకాయలు కుమ్మరించింది. ఖాళీ గంపను బండ మీద పెట్టింది. ఒడిలో పట్టినన్ని పోస్తూ మళ్ళీ నింపింది. చుట్టకుదురు సర్దుకుని, గంపను బండ అంచు దాటేలా లాగి, దాని కిందికి తల దూర్చి లేచింది. గంప నెత్తికెక్కింది!

సంత గుమ్మంలో జగ్గులు కాపు కాస్తున్నాడు.

"ఎవులు ఎత్తారే నీకు?"

"దాలయ్య తాత."

"సచ్చినోడు ఎత్తాడా?"

"ఎత్తాడు. తప్పుకో, సంత దాటిపోతాది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మడి నిలిచింది. ఆ తర్వాత గంప మోసిన ప్రతి ఆడమనిషీ నెత్తి మీంచి నేరుగా ఆ బండ మీదికే దించుకునేది.

ఇప్పుడు పట్నం పెరిగి మిట్ట ఎక్కేసింది. కూరలు ఆటోల్లో పోతున్నాయి. కొండనీ వాగునీ చూడవచ్చిన పట్నంవాళ్ళు, కూర్చోవడానికి ఎత్తు, దాక్కోవడానికి చాలదు, ఏమిటీ గోడ అని అడుగుతుంటారు. తోటలవాళ్ళు మాత్రం తొలి కోత నాడు అక్కడ ఆటో ఆపుతారు. బండ మీద ఒక కాయ పెట్టి, "వంకాయే తాతా. నల్లదే" అని గట్టిగా చెప్పి మరీ కదులుతారు.

చెప్పకపోతే ఎత్తడు మరి.