నీళ్ళ మొహం చూసిన జంతికల గొట్టం

అనగనగా ఒక ఊళ్ళో, వీధి మొదట్లోనే జంతికల వాసన తగిలే ఇల్లొకటి ఉండేదిరా కన్నా. ఆ ఇంటి పెద్దావిడ కాసులమ్మ. చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా సారె జంతికలు ఆవిడే చెయ్యాలి. ఆవిడ దగ్గరొక ఇత్తడి గొట్టం ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ ఇంటి కోడలు హైమ. హైమకి ఒక కొడుకు, శేషు. నీలాగే ముద్దుగా ఉండేవాడు, కానీ బువ్వంటే మూతి బిగించేవాడు. రాగిజావ పట్టబోతే ఉమ్మేవాడు. ఉగ్గు పెట్టబోతే తల తిప్పేవాడు. పప్పన్నం మెదిపి పెడితే అదంతా అమ్మ చీర మీదే ఉండేది.

ఏడాది నిండవస్తున్నా వాడు బరువు పెరగలేదు. వచ్చే తూకానికి కూడా ముల్లు కదలకపోతే పట్నం ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పింది.  హైమ ఏడవలేదు. వాడి నోట్లోకి వెళ్ళేదెంత, బయటికి వచ్చేదెంత అని దారంతా లెక్కేసుకుంటూ నడిచింది.

అప్పుడు ఆమెకొకటి గుర్తొచ్చింది. మొన్న చుట్టాలింట్లో, వాళ్ళ పాప పళ్ళెంలోంచి శేషు ఒక పాస్తా ముక్క లాక్కున్నాడు. గుప్పిట్లో పట్టుకుని, చప్పరించి, తనంతట తానే మింగాడు. పాస్తా అంటే ఏముందిరా, పిండిని ఒత్తి నీళ్ళలో ఉడకబెట్టేదేగా. కొట్లో దొరికేది మైదాది. అదే రాగులతో, గోధుమలతో, పెసరపప్పుతో ఇంట్లో చేస్తే పిల్లాడికి బలం కదా అనుకుంది హైమ. పిండి ఉంది. పొయ్యి ఉంది. గొట్టమే అత్తగారిది.

అడిగితే కాసులమ్మ ఎగాదిగా చూసింది.

"మా అమ్మ ఇచ్చిన గొట్టమే అది. ఇన్నేళ్ళలో నూనె మొహం, వడియాల ఎండ మొహం తప్ప నీళ్ళ మొహం చూసెరగదు."

"మీ మనవడి బొజ్జ కోసం చూపిద్దాం అత్తయ్యా," అంది హైమ.

మనవడి మాట ఎత్తాక ఆవిడ కాదనలేకపోయింది.

మొదట హైమ పిండి పలచగా కలిపింది. ఒత్తీ ఒత్తగానే అది నీళ్ళలో కరిగిపోయింది. గిన్నె నిండా జావే. జావ కాచడానికి గొట్టం ఎందుకే, గరిటె చాలదూ అని అత్తగారు వరండాలోంచి ఎత్తిపొడిచింది. హైమ గొట్టం కడిగి తుడిచింది.

ఆ తర్వాత గట్టిగా కలిపింది. ఒత్తలేక భుజాలు పీకేశాయి. తీగలైతే వచ్చాయి గానీ, ఎంత ఉడికించినా లోపల పచ్చే. వీటితో మంచం అల్లుకోవచ్చని అత్తగారు అంది. హైమకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక ముక్క వేళ్ళతో నలిపి చూసింది. నలగలేదు. ఇది నా పిల్లాడికి పెట్టేది కాదని మొత్తం ఆవుకి వేసేసింది.

మర్నాడు మళ్ళీ పిండి జల్లిస్తోంటే కాసులమ్మ ఉండబట్టలేకపోయింది. "పచ్చిపిండి ఒత్తితే వడియం నిలుస్తుందటే? ఈ ఇంట్లో ఉండి ఏం చూస్తున్నావు ఇన్నాళ్ళూ?"

హైమ చేతిలో జల్లెడ ఆగిపోయింది. నిజమే. వడియాలకి అత్తగారు పిండిని ముందు ఎసట్లో ఉడికించి, ఆ తర్వాతే ఒత్తుతుంది. తనేమో గొట్టం కనపడగానే జంతికలనుకుని పచ్చిపిండి కలుపుతోంది.

అప్పుడు ఎసరు మరిగించి, గుమ్మడిపండు గుజ్జు వేసి, పిండి పోసి, పొయ్యి మీదే కలియతిప్పింది. గోరువెచ్చగా అయ్యాక చేతికి నెయ్యి రాసుకుని బాగా పిసికింది. ఈసారి గొట్టం తిప్పితే పిండి సాఫీగా దిగింది. మరిగే నీళ్ళలో తీగలు కరగలేదు, బిరుసెక్కలేదు. వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే వెన్నలా నలిగాయి. వాటిని చిన్న చిన్న ముక్కలు చేసి, పలచని పెసరపప్పు కలిపింది.

కాసులమ్మ అలవాటుగా మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టి, చేతులు అదిమిపట్టి, నోరు తెరిపించబోయింది.

"వద్దత్తయ్యా. కూర్చోబెట్టండి. చేతులు వదిలెయ్యండి. మనం పక్కనే ఉందాం, వాడి బువ్వ వాణ్ణి తిననిద్దాం."

శేషు పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. మొదటి ముక్క కింద పడేశాడు. రెండోది ముక్కుకి పూసుకున్నాడు. మూడోది నోట్లో పెట్టుకున్నాడు.  వాడు చప్పరించి, మింగి, మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత ఒక ముక్క తీసి నానమ్మ నోట్లో కుక్కాడు.

కాసులమ్మ నమిలింది. "ఉప్పేదే?" అంది.

"చంటివాడికి ఉప్పెందుకత్తయ్యా."

 ఆవిడ పళ్ళేన్ని వాడి దగ్గరికి జరిపింది.

తూకం రోజున అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. ముల్లు కదిలింది. కొంచెమే అనుకో, కానీ కదిలింది. టీచరమ్మ ఇక ఆసుపత్రి మాట ఎత్తలేదు. ఇలాగే పెట్టమంది.

ఇంటికి రాగానే కాసులమ్మ గొట్టాన్ని తళతళా తోమింది. ఎప్పటిలా అటక మీద దాచలేదు. హైమ చేతికందే అరలో పెట్టింది.

"నూనె రోజులు నావి, నీళ్ళ రోజులు నీవి. రేపేం కలుపుతున్నావు, పాలకూరా?" అంది.

కథ నడిచి కంచికి,
కంచం కడిగి గూటికి,
బువ్వ బుజ్జి బొజ్జకి,
మనం మెల్లగా పక్కకి.