లోవరాజు ఎత్తు చేసిన బండి

మన్యం కొండలెక్కే రోడ్డు మొదట్లో, రావిపాలెం జంక్షన్‌లో లోవరాజు అనే మెకానిక్ ఉండేవాడు. పనితనం బాగానే ఉండేది గానీ, ‘ఇది నాకు తెలియదు’ అనే మాట మాత్రం చచ్చినా అతని నోట వచ్చేది కాదు. తెలిసిన పనికీ తెలియని పనికీ అతనిది ఒకటే జవాబు. "ఇదెంత పని!" అనేవాడు.

ఒకరోజు సుమిత్ర అనే నర్సు తన బండి తోసుకుంటూ షెడ్డుకు వచ్చింది. కొండ మీది పల్లెలకు టీకాలు, మందులు తీసుకెళ్లేది ఆమే. అది తారురోడ్ల మీద తిరగడానికి చేసిన మామూలు బండి. రాళ్లబాటలో ఇంజిను అడుగు కొట్టుకుని ఆయిలు కారుతోంది.

"అన్నా, దీన్ని కొండబాటకు పనికొచ్చేలా మార్చగలవా? ఇంతకుముందు ఎప్పుడైనా చేశావా?" అని అడిగింది.

లోవరాజు ఎప్పుడూ చేయలేదు. "ఇదెంత పని! శనివారం వచ్చి తీసుకెళ్లమ్మా" అన్నాడు.

పార్టులమ్మే బల్ల దగ్గర కూర్చున్న అతని భార్య రత్నం, సుమిత్ర వెళ్లేదాకా ఆగింది. "ఇలాంటి పని నువ్వెప్పుడు చేశావయ్యా? చేసినవాళ్లను ఒక్కసారి అడిగితే నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?" అంది.

"పాతికేళ్లుగా బళ్లు విప్పుతున్నాను. నాకొకడు చెప్పాలా?" అన్నాడు లోవరాజు.

రెండు చక్రాలకూ గుబ్బల టైర్లు వేశాడు. ఇంజిను కింద మందపాటి ఇనపరేకు బిగించాడు. బురద ఇరుక్కోకుండా ముందు మడ్‌గార్డును పైకి జరిపాడు. వెనక షాకబ్జర్లు తీసేసి పొడవైనవి పెట్టాడు. బండి వెనక నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. చివరికి సెంటర్ స్టాండు వేసి, అన్ని బళ్లకూ చేసినట్టే, చైను కింద వేలు పెట్టి ఆడించి చూశాడు. చైను వదులైతే చప్పుడొస్తుంది, చప్పుడొస్తే పని బాగోలేదంటారు. అందుకని ఓ పిసరు ఎక్కువే బిగించాడు.

శనివారం సుమిత్ర బండి నడిపి చూసి వెనక్కి వచ్చింది.

"అన్నా, గుంతలో దిగినప్పుడల్లా వెనక ఏదో పట్టేసి వదులుతోంది. ఎందుకది?"

ఎందుకో లోవరాజుకు తెలియలేదు. "కొత్త సామాను కదమ్మా, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాడు.

"సర్దుకోవాలి మరి. సోమవారం కొండ మీది ఎర్రబంద నుంచి చిలకమ్మను వెనక కూర్చోబెట్టుకుని దింపాలి. నెలలు నిండాయి, తొలికాన్పు. రోడ్డు మీద అంబులెన్సు ఉంటుంది. అక్కడిదాకా డోలీలో మోస్తే మూడు గంటలు, ఈ బండి మీదైతే ముప్పావు గంట."

సోమవారం పొద్దున్న లోవరాజు షెడ్డులో అలాంటిదే ఇంకో బండి ఉంది. మిరియాలు కొనే వ్యాపారి ఒకడు సుమిత్ర బండిని చూసి ముచ్చటపడి, తనదీ అలాగే చేయమని ఇచ్చాడు. పని పూర్తయ్యాక లోవరాజు స్టాండు తీసి రత్నాన్ని పిలిచాడు. "ఓసారి ఎక్కి కూర్చో, ఎత్తు చూద్దాం" అన్నాడు. అతని వేలు ఇంకా చైను కిందే ఉంది.

రత్నం కూర్చుంది. అప్పటిదాకా వేలికి సులువుగా ఆడిన చైను ఒక్కసారిగా ఇనపకడ్డీలా బిగుసుకుంది. లోవరాజు నొక్కి చూశాడు. కదల్లేదు. అప్పుడర్థమైంది. పొడవైన షాకబ్జర్ల మీద లేచిన బండి, మనిషి ఎక్కగానే కిందికి దిగుతుంది. దిగేకొద్దీ చైను బిగుసుకుంటుంది. ఒక్క మనిషికే ఇలా ఉంటే ఇద్దరెక్కి గుంతలో పడితే ఏమవుతుంది? చైను తెగుతుంది. తెగి చక్రంలో ఇరుక్కుంటే చక్రం బిగుసుకుపోతుంది.

"ఏమైందయ్యా, మొహం అలా పాలిపోయింది?" అంది రత్నం.

లోవరాజు సుమిత్రకు ఫోన్ చేశాడు. కలవలేదు. కొండెక్కాక ఫోన్లు పనిచేయవు. చేతికందిన పానాలు సంచిలో వేసుకుని, తన పాత బండి మీద బయలుదేరాడు.

ఆ బాటలో అతనెప్పుడూ వెళ్లలేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, అడుగున ఎక్కడో గెడ్డ నీళ్ల హోరు. రాత్రి కురిసిన వానకు రాళ్లు పాచిపట్టినట్టు జారుతున్నాయి. ఎర్రమట్టిలో గుబ్బల టైరు అచ్చులు ముందుకు సాగుతున్నాయి. లోవరాజు వాటినే చూస్తూ వెళ్లాడు. మూడో మలుపు దగ్గర గుబ్బలు మాయమయ్యాయి. వాటి బదులు మట్టిని గీరేసినట్టు పొడుగ్గా ఒక చార ఉంది. వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయిన చార అది. అది లోయ అంచుదాకా వెళ్లింది.

లోవరాజు బండి దిగాడు. నేలమీద చేతులు ఆనించి కిందికి తొంగి చూశాడు. తుప్పలు, రాళ్లు, మంచు. "సుమిత్రమ్మా!" అని అరిచాడు. మళ్లీ అరిచాడు. గెడ్డ హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తడబడుతూ ముందుకు నాలుగడుగులు వేశాక, అంచునే మళ్లీ గుబ్బల అచ్చులు కనిపించాయి. బండి పడలేదు. వెంట్రుకవాసిలో ఆగి, మళ్లీ బాట ఎక్కింది.

ఎర్రబంద చేరేసరికి చిలకమ్మ బండి దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి మొగుడు జోగన్న భుజం మీద. సుమిత్ర అప్పటికే బండెక్కి కూర్చుంది.

"ఏంటన్నా, ఇంత దూరం వచ్చావు?"

చుట్టూ ఊరంతా ఉంది. లోవరాజు చెమట తుడుచుకున్నాడు. "ఏం లేదమ్మా, ఒక బోల్టు బిగించడం మరిచిపోయాను" అన్నాడు.

"బోల్టు సంగతి రేపు చూద్దాం. నొప్పులు మొదలయ్యాయి. జోగన్నా, ఎక్కించు!"

చిలకమ్మ సీటు మీద చెయ్యి ఊని ఒక కాలు ఎత్తింది. చైను బిగుసుకునే చప్పుడు లోవరాజుకు వినపడింది. ఇంకెవరికీ వినపడలేదు.

"ఎక్కించొద్దు!" అని కేక పెట్టి బండికి అడ్డం పడ్డాడు. "బోల్టు కాదు. అబద్ధం చెప్పాను. ఇలాంటి బండి నేనెప్పుడూ చేయలేదు. నాకు తెలీదు. శనివారం నువ్వడిగినప్పుడూ తెలీదు. చైను తప్పు బిగించాను, అది తెగుతుంది. దిగమ్మా!"

సుమిత్ర దిగి వంగి చూసింది. చైను జాయింటు దగ్గర పట్టీ నిలువునా చిట్లి ఉంది.

"ఏటి బాబూ, నా ఆడదాన్ని సంపేద్దువా?" అన్నాడు జోగన్న మెల్లగా. తిట్టినా అంత భయమేసేది కాదు.

"మూడో మలుపులో చక్రం పట్టేస్తే బురదనుకున్నాను" అంది సుమిత్ర. తర్వాత లోవరాజు మొహంలోకి చూసింది. "ఇంకా ఏమేం తెలీకుండా చేశావు?"

"చైను ఇప్పుడే వదులు చేస్తాను. జాయింటు కూడా..."

"అది కాదు నేనడిగింది. మిగతా బండంతా సరిగ్గా ఉందని నువ్వు చెప్పగలవా?"

లోవరాజు బండి వంక చూశాడు. "చెప్పలేను" అన్నాడు.

"అయితే డోలీ కట్టండి."

నిమిషాల్లో దుప్పటి, వెదురుకర్ర వచ్చాయి. ముందు జోగన్న, వెనక లోవరాజు కర్రను భుజానికెత్తుకున్నారు. ఊరివాళ్లు మార్చుకుంటామన్నా అతను భుజం దించలేదు. మొదటి గంట చిలకమ్మ అరిచింది. రెండో గంటలో అరుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం అరుపు కన్నా భయంకరంగా ఉంది. జారే రాళ్ల మీద దిగుతూ లోవరాజు, ఆమె మూలుగు వినిపించిన ప్రతిసారీ ఊపిరి తీసుకున్నాడు.

గెడ్డ దాటి రోడ్డెక్కేసరికి మధ్యాహ్నమైంది. అంబులెన్సు ఎక్కించగానే, అది కదలకముందే కాన్పయింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది. బిడ్డ ఏడవలేదు. సుమిత్ర పేగు తప్పించి, నోరు తుడిచి, వీపు రుద్దింది. తలుపు బయట లోవరాజు, జోగన్న ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. ఎంతసేపటికో లోపల్నుంచి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినిపించింది. జోగన్న రోడ్డు మీదే కూలబడ్డాడు.

సుమిత్ర చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఇద్దరూ బతికారు" అంది. "బండి తెచ్చినరోజే ‘నాకు తెలియదు’ అని ఒక్కమాట చెప్పి ఉంటే, ఇంకొకరి చేత చేయించుకునేదాన్ని. చిలకమ్మ ముప్పావు గంటలో ఇక్కడికి చేరేది."

"నిజమేనమ్మా" అన్నాడు లోవరాజు.

తెలియని పనిని చేపట్టేముందే తెలియదని ఒప్పుకోవాలి. నామోషీకి జంకి నోరు మూసుకుంటే, అది మనల్ని నమ్మినవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.